ఆ ఏడు రిజల్టు తగ్గించిన టీచరమ్మ

లెక్కల టీచరమ్మ చనిపోయిందన్న కబురు సోమవారం పొద్దున మా ఇంటికి వచ్చింది. సత్రపట్టి నుంచి తెచ్చిన బ్యాండేజీ గుడ్డను వాకిట్లో కూర్చుని కూలికి మడతలు పెడుతున్నాను. మనవరాలు ఫోన్ పట్టుకుని వచ్చి, "అవ్వా, మా టీచరు ఇంక లేరంట. తెల్లారి లేచేసరికి గుండె నిలిచిపోయినాదంట" అంది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. "శుక్రవారం బడిలో ఉండె గదా! ఎవరు చెప్పినారు నీకు? సరిగా అడుగు!" అని కసిరాను. పిల్ల ఫోన్ నా ముందు పెట్టింది. ఆమె ఫొటో, దాని చుట్టూ పూలు. అది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు.

మూడో రోజు బడిలో సంతాప సభ పెట్టారు. నేనూ వెళ్లాను. ఒక పెద్ద సారు మైకు పట్టుకుని, ఆమె మనసు మంచిదని చెప్పి, "ఏమో, రిజల్ట్ విషయంలో మాత్రం ఆమెకు అదృష్టం లేకపోయింది" అన్నాడు. అందరూ తల ఊపారు. ఆ మాట మింగుడు పడకనే ఇది చెబుతున్నాను. నాకు రాయడం రాదు. మనవరాలు రాస్తోంది. తను నా మాటను పుస్తకం మాటగా దిద్దితే దిద్దనీ, విషయాన్ని మెత్తబరిస్తే మాత్రం ఒప్పుకోను.

ఆ బడి ఎలాంటిదో ముందు తెలియాలి. తమిళనాడులోని మా రాజపాళయం నడిబొడ్డున ఉన్న సర్కారు హైస్కూలు. ఒకప్పుడు ఊళ్లో అందరి పిల్లలూ అక్కడే చదివారు. పొలాలూ వ్యాపారాలూ ఉన్నవాళ్లు తమ పిల్లల్ని వ్యాన్లెక్కించి ఇంగ్లీషు బడులకు పంపడం మొదలుపెట్టాక, మిగిలింది మా పిల్లలు. మిల్లులో షిఫ్టు చేసేవాళ్ల పిల్లలు, ఊరు ఊడ్చేవాళ్ల పిల్లలు, సేత్తూరు నుంచీ చోళపురం నుంచీ బస్సులో నిలబడి వచ్చే కూలీల పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అక్షరం చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉండరు. ఆ పిల్లల మార్కుల్ని ఆ వ్యాన్లెక్కిన పిల్లల మార్కుల పక్కన పెట్టి కొలిచి, బడి బాగాలేదంటారు.

టీచరమ్మది తమిళ ఇల్లు. ఎక్కడో తూర్పున పుట్టి, ఉద్యోగానికి మా ఊరొచ్చింది. పిల్లలకు లెక్క తమిళంలో అర్థం కాకపోతే తెలుగులో చెప్పాలని, ఆ పిల్లల దగ్గరే తెలుగు నేర్చుకుంది. అందుకని ఆమె తెలుగంతా పిల్లల తెలుగే. మర్యాద మాటలు నేర్పినవాళ్లు లేరు. ముసలిదాన్ని నన్నూ "నువ్వు", వీధి పెద్దనూ "నువ్వు". మా వీధి పెద్ద ఒకసారి మూతి ముడుచుకుంటే నేనే అన్నాను: "నీ మనవడే గదా ఆమెకు తెలుగు చెప్పిన వాత్తియారు! వాణ్ణి పోయి అడుగు." ఆమె అందరికన్నా గట్టిగా నవ్వింది.

హాజరు పుస్తకంలో అందరూ రాని పిల్లకు ఒక గీత గీస్తారు. ఈమె ఆ గీత పక్కన పెన్సిల్‌తో చిన్నగా కారణం రాసేది. మనవరాలు చెప్పేది: 'అమ్మ షిఫ్టు', 'చెల్లెలికి జొరం', 'మల్లెమొగ్గల కోత'. పైనుంచి వచ్చిన ఆఫీసరు పుస్తకం పాడుచేస్తున్నావని తిట్టాడట. "రాలేదని రాస్తే సగం పనే గదా. ఎందుకు రాలేదో రాస్తేనే గదా నేను పోయి పిలవగలను" అని ఆమె మా వాకిట్లో చెప్పింది. అన్నట్టే వెళ్లి పిలిచేది కూడా.

ఇక నా తప్పు చెబుతాను. మనవరాలు పదో తరగతిలో ఉన్నప్పుడు, పరీక్షలకు మూడు నెలల ముందు, బడికి రమ్మన్నారు. నా కూతురు మిల్లుకు వెళ్లింది, నేను వెళ్లాను. ఒక కాగితం పెట్టి, పరీక్షకు పేరు పంపడానికి అన్నారు. ఏముందని అడిగితే చదువురాని ముసలిదని నవ్వుతారేమోనని, అంతా తెలిసినదానిలాగ బొటనవేలు గట్టిగా ఒత్తి వచ్చేశాను. నా పొగరు చేసిన పని అది.

మర్నాడు మధ్యాహ్నం టీచరమ్మ స్కూటీ మా ఇంటి ముందు ఆగింది.

"అవ్వా, ఇది నీ వేలేనా?"

"నా వేలే. అయితే ఏమి?"

"మనవరాలికి చదువు చాలు, టీసీ ఇయ్యండి అని ఉండాది ఇందులో."

తప్పు నాదేనని తెలిసింది. నోరు మాత్రం ఆగలేదు. "మీరే రాసి, మీరే వేలు పెట్టించుకొని, ఇప్పుడు నాకు చదివి చూపేదానికి వచ్చినావా? మీ బళ్లో అందురూ దొంగలేనా?"

"రేపు తిట్టు, అవ్వా. ఇంట్లోనే ఉంటా, వచ్చి తిట్టు. ఇప్పుడు బండెక్కు. బడి వదిలే లోపల పోవాల."

ఎక్కాను. అప్పటి హెడ్మాస్టరు పెద్ద సారు గదిలో ఇద్దరూ తమిళంలో వాదించుకున్నారు. నాకు ఆ భాష కూడా బాగా వచ్చు. లెక్కల్లో తప్పే పిల్లలు బయటి నుంచి ప్రైవేటుగా రాసుకుంటే బడికి నూటికి నూరు వస్తుందని ఆయన అన్నాడు. అలా టీసీకి వేళ్లు ఒత్తినవాళ్లం చాలామందిమే ఉన్నామని అప్పుడు తెలిసింది. "ఈ పిల్లల్ని బయటికి పంపితే వచ్చే నూరు ఎవరిది, సార్?" అంది టీచరమ్మ. "తప్పితే?" అన్నాడాయన. "నా పేరు మీద రాయండి" అంది.

కాగితాలన్నీ వెనక్కి వచ్చాయి. ఆ రోజు నుంచి ఆమె తరగతిలో ఒక పద్ధతి పెట్టింది. ఏ కాగితం మీదనైనా ఇంటివాళ్లు వేలు పెట్టాలంటే, ముందు ఆ పిల్ల దాన్ని గట్టిగా చదివి, ఇంటి మాటలో చెప్పాలి. పెద్దవాళ్లు "సరి" అనాలి. అప్పుడే సిరా. ఆ తర్వాత ఆ బడిలో నేను తల దించి వేలు పెట్టలేదు.

పరీక్ష వచ్చింది. మనవరాలు లెక్కల్లో తప్పింది. ఇంకొందరు కూడా. నేను బడి గేటు ముందు నిలబడి, అందరూ వింటుండగా, "నిన్ను నమ్మినాను గదే! ఏమి నేర్పినావు నా బిడ్డకు?" అని అరిచాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇంకొక పరీక్ష ఉండాది. పొద్దున్నే పిల్లను పంపు. పలారం నేను పెడతా" అంది.

ఆ ఎండల్లో తప్పిన పిల్లలంతా ఆమె వరండాలో కూర్చున్నారు. రెండోసారి రాసి అందరూ పాసయ్యారు. మనవరాలు ఇప్పుడు రక్తపరీక్షల కోర్సు చదువుతోంది.

బడి తెరిచాక టీచరమ్మను ఆరో తరగతికి మార్చారు. బజారులో కనబడితే, "ఏమమ్మా, పని తగ్గించుకున్నావే! సుఖం మరిగినావా?" అని ఎగతాళి చేశాను. "చిన్న బిడ్డలు బాగుండారు, అవ్వా. ఎదురు మాట్లాడరు, నీ మాదిరి" అని నవ్వి వెళ్లిపోయింది.

సంతాప సభ అయ్యాక, ఆమెతో పనిచేసిన ఇంకో టీచరును పట్టుకుని అడిగాను, అదృష్టం లేకపోవడమంటే ఏమిటని. అప్పుడు చెప్పింది. ఆ ఏడు రిజల్టు తగ్గినందుకు ఆఫీసులో నిలబెట్టి అడిగారట. పదో తరగతి మళ్లీ ఇవ్వవద్దని అక్కడే తేల్చారట. ఆమె ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదట. "పదో క్లాసంటే ఆమెకు ప్రాణం గదా, అవ్వా" అంది ఆ టీచరు.

నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె అసలు చెప్పలేదు. ఎగతాళి చేసిన నోరు ఇది. ఆమె ముందు ఒక్కసారి కూడా 'నీవల్లే' అని మంచిమాటగా అనలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

పెద్ద సారు గది బయట రిజల్టు బోర్డు ఉంది. ఆ ఏటి వరుస చూపించమని మనవరాలిని అడిగాను. మొదటి పరీక్ష అంకె మాత్రమే ఉందట. రెండోసారి పాసైన పిల్లలు అందులో లేరు. టీసీ తప్పించుకుని పిల్లలు బెంచీల మీద కూర్చోగలిగిన సంగతీ లేదు. చదవగలిగిన అయ్యలారా, అమ్మలారా, ఆ అంకె ముందు మీరు నిలబడితే, అది అదృష్టం లేనిదాని అంకె అనుకోకండి. మా పిల్లల్ని బయటికి తోసి ఉంటే అది నూరు అయ్యేది. తక్కువైనదంతా మా పిల్లలే. వాళ్లను ఆమె ఉంచుకుంది.

ఆమెను కాటికి తీసుకెళ్లిన రోజు ఆరో తరగతి పిల్లలు యూనిఫారంలో వచ్చారు. ఆమె ఇంటి సందులో ఎక్కడ నిలబడాలో తెలియక, ప్రార్థనకు నిలబడినట్టు పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, వరుసకట్టారు. ఆమెను తీసుకెళ్లిపోయారు. పెద్దవాళ్లంతా వెనకాలే వెళ్లారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. వరుస విడిచిపొమ్మని చెప్పేవాళ్లు లేక, పిల్లలు చేతులు పక్కకు ఆనించుకుని అలాగే నిలబడి ఉన్నారు.