నీలం మీద ఎర్రని గీతలు

మొన్న కంటి పరీక్షకని ఆసుపత్రికి వెళ్తే, వరండాలో ఎవరో ఫినాయిలు చల్లి నేల తుడుస్తున్నారు. ఆ ఘాటు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కళ్ళు తిరిగాయేమోనని కోడలు కంగారుపడి కుర్చీ చూపించింది. కళ్ళు తిరగలేదు. సమూయేలప్ప గారు గుర్తొచ్చారు. ఇన్నేళ్ళయినా ఆయన గుర్తొస్తే కలిగేది సంతోషమో దుఃఖమో నాకు తేలదు.

మాది పుంగనూరు. నాన్న మిషన్ బడిలో పంతులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమ్మ క్షయతో పోయింది. ఆమెను పొట్టన పెట్టుకున్న జబ్బుకు వైద్యం చేసే చోటే నాకు పని దొరికింది. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి ప్రయోగశాలలో పని నేర్చుకోవడానికి చేరాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఎప్పుడూ ఫినాయిలు వాసన వేసే ఆ గదిలో రోగుల కఫం పరీక్షించేవారు సమూయేలప్ప గారు. కుప్పం వైపు మనిషి, యాభై దాటినవారు, ఒంటరివారు. కిటికీ దగ్గర మైక్రోస్కోపు పెట్టుకుని, దాని అడుగున ఉన్న చిన్న అద్దాన్ని ఎండకు తిప్పి, గాజుపలక మీదికి వంగేవారు. క్రిములు కనబడగానే మెల్లగా “స్తోత్రం” అనేవారు. తర్వాతే పుస్తకంలో రాసేవారు.

మొదటి వారం ఆ మాట నా చెవిన సరిగ్గా పడలేదు. పడిన రోజు నమ్మలేకపోయాను. ఒక మనిషికి క్షయ ఉందని తెలిసినప్పుడు దేవుణ్ణి స్తుతించడమేమిటి? ఆ రోజే ఆయన కుర్చీ వదిలి నన్ను పిలిచారు.

“రా రూతమ్మా, సూడు. కదిలించొద్దు, ఊరికే సూడు.”

వంగి చూశాను. నీలం రంగు పరిచినట్టుంది. దాని మీద సన్నని ఎర్రని గీతలు, ఎవరో కుంచె కొసతో ఓపిగ్గా దిద్దినట్టు.

“ఎంత సక్కంగా ఉండాయో సూసినావా? ఇంత సిన్నదాన్ని గూడా ఒంకర లేకుండా సేసినాడు దేవుడు.”

నాకు ఒళ్ళు మండింది. “ఇవే సార్ మా అమ్మను సంపింది” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “తెలుసమ్మా. మీ నాయన జాబులో రాసినాడు. తెలిసి గూడా నాకు ఆ మాటే వస్తాంది. యాల వస్తాందో నాకూ తెలీదు.”

ఆయన సమాధానం చెప్పి ఉంటే వాదించేదాన్ని. తెలియదన్న మనిషితో ఏం వాదించను? హాస్టలుకు వెళ్ళి ఏడ్చాను. మరుసటి ఆదివారం గుడిలో పాదిరి అయ్యగారు రోగం పాపఫలమని ప్రసంగించారు. మా అమ్మ చేసిన పాపమేమిటో నాకు తట్టలేదు. తల తిప్పి చూస్తే సమూయేలప్ప గారు ప్రసంగం వినడం లేదు. ముందు వరసలో తల్లి భుజం మీద నిద్రపోతున్న పసిబిడ్డ చెవిని, దాని మడతలను, నోరు కొంచెం తెరుచుకుని చూస్తున్నారు. ఇద్దరిలో భక్తిపరుడు ఎవరో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున ఆయన, రోగి పేరు రాయని పలక ఒకటి నా ముందు పెట్టారు. చూశాను. నీలం కంటే ఎరుపే ఎక్కువగా ఉంది.

“ఎవరిది సార్ ఇది? శానా ఉండాయి.”

“నాదేనమ్మా.”

ఆయన నన్ను లేపి తాను కూర్చున్నారు. కన్ను ఆనించి అలాగే ఉండిపోయారు. ఆ మాట అంటారేమోనని భయపడ్డాను. అనకపోతే ఎలాగని కూడా భయపడ్డాను. పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు.

“ఈ పొద్దు నాకు నోరు రాలేదు రూతమ్మా. నువ్వు అంటావా?”

ఆయన లేచిన కుర్చీలో మళ్ళీ కూర్చున్నాను. ఎర్రని గీతలు కిటికీ వెలుగులో మెరుస్తున్నాయి. అవి అందంగా ఉన్నాయి. అందంగా కనబడినందుకు నన్ను నేనే అసహ్యించుకున్నాను. అయినా అన్నాను, “స్తోత్రం.” ఆయన కోసం అన్నానో, దేవునితోనే అన్నానో ఈనాటికీ చెప్పలేను. ఆయన తల పంకించి, పుస్తకంలో తన పేరు తానే రాసుకున్నారు.

ఆసుపత్రిలో మంచం ఇస్తామన్నా వద్దని, కుప్పంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. మూడు నెలల తర్వాత, బొగ్గు పొగతో నడిచే బస్సులు మారి, నేను చూడ్డానికి వెళ్ళాను. పట్టుపురుగులు పెంచే ఇల్లు అది. ఆయన మంచం వరండాలో ఉంది. పక్కగదిలో చేటల నిండా పురుగులు మల్బరీ ఆకు తింటున్నాయి. బయట ఎండ మండిపోతుంటే, లోపల వాన కురుస్తున్న చప్పుడు.

“వినబడతాందా?” అన్నారు. మాట పీలగా ఉంది. “ఆడ అవి తింటాండాయి. ఈడ నా లోపల ఇవి తింటాండాయి. రెంటినీ సేసింది ఒకే సెయ్యంటావా?”

ఆయనను ఓదార్చడానికి దారంతా వాక్యాలు వెతుక్కుంటూ వచ్చాను.

“తెలీదు సార్” అన్నాను.

“నాకూ తెలీదు. కూసో, ఇంకొంచేపు విందాం.”

ఆ చప్పుడు వింటూ సాయంత్రం బస్సు వేళ దాకా కూర్చున్నాం. ఆయన ముఖంలో భయం ఉంది, నాకు కనిపించింది. దానితోపాటు, కొత్త ఊరికి వచ్చిన పిల్లవాడి ముఖంలో ఉండే ఆశ్చర్యం లాంటిది మరొకటి కూడా ఉంది. ఒక మనిషిలో ఆ రెండూ ఒకేసారి ఎలా ఇముడుతాయో నాకు తెలియలేదు. మరో పదిహేను రోజులకు ఆయన పోయారని జాబు వచ్చింది.

కొన్నేళ్ళకు క్షయకు సూదిమందు వచ్చింది. గుర్రంకొండ నుంచి వచ్చిన ఒకామెకు ఆ మందు ఇచ్చాక, ఆమె పలక మూడోసారి చూసినప్పుడు ఉత్త నీలమే కనబడింది, ఎరుపు లేదు. కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను. ఆమె బతికినందుకు ఏడ్చాను. ఆ మందు మా అమ్మకూ, ఆయనకూ అందనందుకు కూడా ఏడ్చాను. ఏది కృతజ్ఞతో, ఏది కోపమో విడదీయలేకపోయాను.

నన్ను విశ్వాసంలో గట్టిదని సంఘంలో అందరూ అంటారు. వాళ్ళకు తెలియదు. రోజూ పొద్దున మోకరించినప్పుడు నా ప్రార్థన ప్రశ్నతోనే మొదలవుతుంది, ప్రశ్నతోనే ముగుస్తుంది. జవాబుతో లేచిన రోజు ఒక్కటీ లేదు. మోకరించడం మాత్రం మానలేకపోయాను.