అర్జీని మింగేసిన శాతం గుర్తు

ఊరంతా కలిసి వద్దన్నదాన్ని, ఆ ఊరివాళ్ళ చేతే సంతకాలు పెట్టించి మరీ కావాలనిపించిన ఘనుణ్ణి నేను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి, పరవాలేదు. నేను మాత్రం కోపంగానే చెబుతాను.

తాడేపల్లిగూడెంలో ఓ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా మేనమామ డేవిడ్‌ది కొల్లేరు ఒడ్డున ఊరు. అక్కడ చేపల చెరువుల ఆసామి ఒకాయన చెరువుల్లో మురుగునీళ్ళు ఊరి మంచినీళ్ళ కాలవలోకి వదులుతానన్నాడు. పైగా ఊరివాళ్ళు ఒప్పుకున్నారని ఓ వెబ్‌సైట్‌లో వార్త వేయించాడు. ఊరు భగ్గుమంది. ఏలూరు నుంచి అధికారి వస్తున్నాడని తెలిసి అర్జీ ఇద్దామనుకున్నారు.

"భీమడోలులో డీటీపీ షాపుంది. అక్కడ కొట్టించేస్తాను," అన్నాడు మామయ్య.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "షాపు వాళ్ళకేం తెలుసు మామయ్యా? నా దగ్గర లెక్కల పుస్తకాలు వేసే సాఫ్ట్‌వేర్ ఉంది. మన అర్జీ చూసి ఆ అధికారి లేచి నిలబడాలి."

"నిలబడక్కర్లేదురా, చదివితే చాలు."

అర్జీలో అసలు పేరా ఇలా మొదలుపెట్టాను: చెరువుల నీళ్ళు మా కాలవలోకి వదలడానికి మేమందరం ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాం. బాగా కనబడాలని లావుపాటి అక్షరాల్లో కొట్టాను. రుజువుగా పక్కనే ఆ వార్త లింకు అతికించాను. దాని తర్వాత, "అని వీళ్ళు రాసింది పచ్చి అబద్ధం. మేము ఒప్పుకోలేదు, ఒప్పుకోం" అని ముగించాను.

ఆ లింకు చూడాలి మీరు. వార్త పేరు తెలుగులో ఉంది కదా, అతికించేసరికి తెలుగు మాయమైపోయి, శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ పుట్టలోంచి చీమల్లా బిలబిలమంటూ బయటికొచ్చాయి. ముందు అండర్‌స్కోర్ దగ్గర సాఫ్ట్‌వేర్ మొరాయించింది. దానికి ముందు ఒక వాలుగీత పెట్టి, ఇది ఉత్త అక్షరమే, ఆజ్ఞ కాదని చెప్పి నోరు మూయించాను. తర్వాత ఆంపర్సాండ్, అదే 'అండ్' గుర్తు, దగ్గర మొరాయించింది. అక్కడా వాలుగీత పెట్టాను. శాతం గుర్తు దగ్గర మాత్రం కిక్కురుమనలేదు. దీనికిది నచ్చింది కాబోలు అనుకున్నాను.

నచ్చడం కాదు. శాతం గుర్తు కనబడితే, అక్కణ్ణుంచి ఆ లైను చివరిదాకా ఏదీ అచ్చువేయకూడదని ఆ సాఫ్ట్‌వేర్ నియమం. నేను పేరా మొత్తం ఒకే లైనులో కొట్టాను. అబద్ధమన్న ముక్కనీ ఒప్పుకోమన్న ముక్కనీ చప్పుడు చెయ్యకుండా మింగేసి కూర్చుంది, దొంగ సచ్చింది. ఆ నియమం నాకు తెలియదా అంటే తెలుసు. క్లాసులో పిల్లలకి చెప్పాను కూడా. నా మీద నాకు మరీ మంట అందుకే.

అచ్చు తీసి చూశాను. చూశానంటే చదివానని కాదు, మార్జిన్లు చూశాను. చర్చి ఆవరణలో జనం సంతకాలకి వరస కడితే మా అత్తయ్య అడిగింది, "ఓసారి చదివి వినిపించరాదా నాయనా?"

"కంప్యూటర్ కొట్టింది అత్తయ్యా. తప్పులుండవు."

అందరూ సంతకాలు పెట్టారు.

ఏలూరు అధికారి జీపు దిగి, అర్జీ అందుకుని చదివాడు. చదువుతున్నకొద్దీ మొహం వెలిగిపోయింది.

"చాలా సంతోషమండీ. గొడవలవుతాయని భయపడుతూ వచ్చాను. మీరే ఒప్పుకున్నాక ఇంక నేను చేసేదేముందండీ?"

"ఏం ఒప్పుకున్నామండీ?" అన్నాడు మామయ్య.

"నీళ్ళు వదలడానికండీ. ఈ సంతకాలు మీవేనాండీ?"

"మావేనండీ."

మామయ్య కాగితం తీసుకుని చదివాడు. మడతపెట్టి నావైపు తిరిగాడు. "ఏవండీ లెక్చరర్ గారూ, ఇలా ఓసారి దయచేస్తారాండీ?"

పుట్టిన దగ్గర్నుంచీ ఒరే అని తప్ప పిలవని మనిషి. మా వైపు వాళ్ళు గారూ, అండీ అని మొదలుపెట్టారంటే ఇంక పారిపోవడమే మంచిది. కానీ చుట్టూ జనం.

"శాతం గుర్తు మింగేసింది మామయ్యా," అన్నాను.

"ఎంత శాతం మింగిందండీ?"

"మనకి కావలసినంతా."

మామయ్య అధికారిని ఆపి, జీపు బానెట్ మీద తెల్లకాగితం పరిచి, పైనే "మేము ఒప్పుకోం" అని రాసి, మిగతాది కింద రాశాడు. ఊరంతా మళ్ళీ సంతకాలు పెట్టింది. ఈసారి ప్రతివాడూ పైకి చదివి, నావంక ఓ చూపు చూసి మరీ పెట్టాడు. నీళ్ళు వదలడానికి వీల్లేదని అధికారి అక్కడికక్కడే చెప్పేశాడు.

జనం కదులుతుంటే చెరువుల ఆసామి నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు. కళ్ళలో నిజమైన కృతజ్ఞత. "మాకోసం చాలా కష్టపడ్డారు మాస్టారూ. పాపం, కుదర్లేదు. ఇకమీదట మా అర్జీలు కూడా మీరే కొట్టిపెట్టాలండీ."

నా బదులు మామయ్యే జవాబిచ్చాడు. "తప్పకుండా ఆయన చేతే కొట్టించుకోండి. మా ఊరంతా కోరుకునేది అదేనండీ."

కాబట్టి ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట నేను ఏ లింకునీ దాని ఒళ్ళంతా తడిమి, శాతం గుర్తులన్నిటికీ వాలుగీతలు తగిలించనిదే కాగితంలోకి రానివ్వను. మార్జిన్లు చూసి మురిసిపోను. ఈ ప్రతిజ్ఞ చేత్తోనే రాశాను, పైకి చదివాను, ఆ తర్వాతే సంతకం పెట్టాను.