కొమురయ్య చెయ్యనన్న సీను

రిటైర్మెంటుకు ఆరేళ్లుందనగా, వానలు తగ్గిన రోజుల్లో, నన్ను గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనికి సేఫ్టీ ఆఫీసర్‌గా వేశారు. ప్రమాదం జరిగితే స్థలం చూసి, కొలతలతో స్కెచ్ గీసి, వాంగ్మూలాలు తీసుకుని, కారణం తేల్చి రిపోర్టు రాయడం నా పని. నా రిపోర్టుల్లో కొట్టివేత ఒక్కటి కూడా ఉండదని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

చేరిన రెండో నెలలో మల్లయ్య అనే టింబర్‌మ్యాన్ కాలు నుజ్జయింది. బొగ్గు పేల్చాక కొత్తగా బయటపడ్డ పైకప్పును గ్రీన్ రూఫ్ అంటాం. ఆసరా పెట్టేదాకా దాని కిందికి ఎవరూ పోకూడదు. ఆ ఆసరా దుంగలు పెట్టేవాళ్లే టింబర్‌మ్యాన్లు. మల్లయ్య అడ్డంగా కట్టిన కంచె దాటి దాని కిందికి పోయాడు, బండ ఊడి కాలి మీద పడింది. వద్దన్నా వినకుండా పోయాడని ఆ చోటికి బాధ్యుడైన సర్దార్ వాంగ్మూలం ఇచ్చాడు. దవాఖానలో మంచం దగ్గర నేను అడిగితే మల్లయ్య తల ఊపాడు. ‘సొంత నిర్లక్ష్యం’ అని రాసి సంతకం పెట్టాను. దాని మీద అతనికి చార్జిషీటు వచ్చింది. అది రుజువైతే ఉద్యోగం పోతుంది, ఉంటున్న క్వార్టర్ కూడా ఖాళీ చెయ్యాలి.

ఏటా జరిగే రక్షణ పక్షోత్సవాలకు ప్రతి గనీ ఏదో ఒక ప్రదర్శన ఇవ్వాలి. అంతకు ముందు నాటికలు వేసేవారు. ఆ ఏడు ఫోన్‌తో ఒక చిన్న సినిమా తీయమని మేనేజర్ ఆదేశం. మల్లయ్య ప్రమాదాన్నే కథగా తీసుకున్నాను. రిపోర్టు చేతిలో ఉంది, ఇక స్క్రిప్టుకు ఎంతసేపు అనుకున్నాను.

మల్లయ్య వేషానికి అందరూ ఒకే పేరు చెప్పారు, కొమురయ్య. అతనూ టింబర్‌మ్యానే, వేరే షిఫ్టు. గనిలో అతనంత సినిమా పిచ్చి ఇంకెవరికీ లేదు. దిగే ముందు టోపీ లైట్లు తీసుకునే ల్యాంపు రూం దగ్గర రోజూ అతని తీర్పులు నడిచేవి. “హీరో కొడితె పది మంది గాలిల లేస్తరు. మనం రోజు బండలతోని కొట్లాడుతం, ఒక్కటన్న లేచిందా?” “సీరియల్ల ఆమె పండుకున్నా నగలు తియ్యది. ఆమె మొకం మూడు దిక్కులకెల్లి మూడుసార్లు చూపిస్తరు, ఒక్కసారి చూస్తె మాకు తెల్వదా?” “పాటల పోటీల పాడెటోడు నోరు తెరవకముందే జడ్జీలు కండ్లు తుడుచుకుంటరు.” కొత్త పాటల మీద మరీ కోపం. సప్పుడు మస్తుంటది గని ఇంటికి పోయినంక ఒక్క చరణం నోట్లెకు రాదు అనేవాడు. నేను టీవీలో వార్తలు తప్ప ఏదీ చూడను, అవీ సగంలో తిట్టుకుని కట్టేస్తాను. ఈ ముచ్చట్లు వింటే నాకు చిరాకు. ఇంట్లో చెప్తే నా భార్య మాత్రం, “ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది?” అంది.

షూటింగ్ సంగతి తెలిసి మల్లయ్య భార్య లక్ష్మి ఆఫీసుకు వచ్చింది. సినిమాలో పేరు ఉండదని ముందే చెప్పాను.

“పేరెందుకు సార్, ఖనిల ఎవరికి తెల్వది? మా ఆయన కాలు ఎట్లనో పాయె. ఇగ బుద్ధి లేనోడని అందరికి చూపిస్తరా?” అంది.

నాకు కష్టంగానే అనిపించింది. అయినా ఇది నలుగురి ప్రాణాలు కాపాడేందుకమ్మా అని పంపించేశాను.

గనిలోకి ఫోన్లు తీసుకుపోవడం నిషేధం కాబట్టి శిక్షణ కేంద్రంలో ఉన్న నమూనా గనిలో రిహార్సల్ పెట్టాం. కంచె దాటి లోపలికి నడవమని చెప్పాను. కొమురయ్య కదలలేదు.

“ఎందుకు పోతడు సార్?”

“నిర్లక్ష్యంతో.”

“నిర్లక్ష్యం ఎట్ల నడుస్తది సార్? జల్ది నడుస్తదా, మెల్లగ నడుస్తదా? చేతిల ఏం పట్టుకుంటది?”

సినిమా తీయడానికి ఫోన్ పట్టుకున్న మా ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నీ సీరియల్ పైత్యం ఇక్కడ చూపించకు, చెప్పింది చెయ్యి అన్నాను.

“సీరియల్ల సుత ఆమె చీకటింట్లకు పోతె లోపల పిల్ల ఏడ్చిందని చూపిస్తరు సార్. ఊకెనే పోతె మా ఇంటిది చానల్ మారుస్తది. ఈయన ఇరవై ఏండ్ల టింబర్‌మ్యాన్. చేతిల దుంగ లేకుంట గ్రీన్ రూఫ్ కిందికి పోడు. నేను చెయ్య సార్ ఈ సీను.”

అతని నోరు మూయించాలనే నేను ఫైలు తెరిచి స్కెచ్ చూపించాను. మల్లయ్య పడిన చోటు, బండ పరిమాణం, కంచె నుంచి దూరం, అన్నీ నా చేతి గీతలే. కొమురయ్య ఒక చిన్న గీత మీద వేలు పెట్టి ఇదేంది అన్నాడు. డ్రిల్ రాడ్ అన్నాను. పేలుడు మందు పెట్టడానికి బొగ్గులో రంధ్రాలు వేసే రాడ్ అది.

“టింబర్‌మ్యాన్‌కు డ్రిల్ రాడ్‌తోని ఏం పని సార్?”

ఆ రాడ్‌ను కొలిచింది నేను, గీసింది నేను. అది అక్కడ ఎందుకుందని మాత్రం అడగలేదు. ప్రమాదం సంగతి నీకు ముందే తెలుసా అని కొమురయ్యను గద్దించాను. తెల్వది సార్, కథ కుదుర్తలేదని అడిగిన, అంతే అన్నాడు.

రిహార్సల్ ఆపి నేరుగా దవాఖానకు పోయాను. ఈసారి మల్లయ్య ఒక్కడే ఉన్నాడు. ఏ పని మీద పోయావని అడిగాను. అప్పుడు చెప్పాడు. డ్రిల్లర్లు మరిచిపోయిన రాడ్ పక్క చోటికి కావలసి వచ్చింది. రెండడుగులే గద, జర తెచ్చియ్యి అని సర్దార్ పంపించాడు.

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదన్నాను.

“మీరడిగింది, ‘చెప్పినా వినకుంట పోయినవ్ గదా’ అని. సర్దార్ మీ పక్కకే నిలవడ్డడు. నేనేమంట సార్?”

నిజమే. వాంగ్మూలం తీసుకునేటప్పుడు పైవాడిని గదిలో ఉంచకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. దారి చూపిస్తాడని నేనే సర్దార్‌ను వెంట తీసుకుపోయాను. సిగ్గుతో నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు సర్దార్‌ను స్కెచ్ ముందు కూర్చోబెట్టాను. ఎక్కువసేపు బుకాయించలేదు, పని లేటయితదని పంపిన సార్ అని ఒప్పుకున్నాడు. మేనేజర్ మాత్రం రిపోర్టు పైకి వెళ్లిపోయింది, ఇప్పుడు మారిస్తే ముందు మీకే తంటా అన్నాడు. అన్నట్టే జరిగింది. అనుబంధ రిపోర్టు పంపిన వారానికి మొదటి విచారణ లోపాలకు సంజాయిషీ కోరుతూ నాకు మెమో వచ్చింది. సర్దార్ మీద చర్య తీసుకున్నారు. మల్లయ్య చార్జిషీటు రద్దయింది. కాలు కొంత నయమయ్యాక అతనికి గనిలోకి దిగనక్కరలేని పని పైన ఇచ్చారు.

సినిమా పని మళ్లీ మొదలుపెట్టాం. కొత్త స్క్రిప్టులో పిలుపు వినిపిస్తుంది, కొమురయ్య కంచె దాటి గబగబా పోతాడు, రాడ్ అందుకోవడానికి వంగుతాడు. ప్రదర్శన రోజు లక్ష్మి వచ్చి చివరి వరుసలో కూర్చుంది, అయిపోగానే నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. మాట్లాడుతుందని నేనూ ఎదురుచూడలేదు. కొమురయ్య మాత్రం ఫర్వాలేదు గని చివర పాట ఎక్కువైంది సార్ అన్నాడు.

ప్రమాద రిపోర్టు ఫారంలో ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్న గళ్లుంటాయి. మనిషి అక్కడికి ఏ పని మీద, ఎవరు పంపితే పోయాడన్న గడి లేదు. ఆ తర్వాత రాసిన ప్రతి రిపోర్టులో ఆ వాక్యాన్ని నేను చేతితో చేర్చాను. అంతకు ముందు వేరే గనుల్లో ‘సొంత నిర్లక్ష్యం’ అని నేను సంతకం పెట్టిన రిపోర్టులు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని మళ్లీ తెరవమని రాసే వీలు నాకు సర్వీసు చివరి రోజు దాకా ఉంది. రాయలేదు.