అడిగినవాళ్లే విప్పాలి

పుస్తకాల పార్సిల్ విప్పగానే అట్టా జిగురూ కలిసిన వాసన గుప్పుమంటుంది. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి ఇప్పుడు పార్సిళ్లు తగ్గిపోయాయి. విద్యార్థి కంప్యూటర్లో ఒక పుస్తకం తెరిచి నాలుగు పేజీలు చదివితే చాలు, కాలేజీ దాన్ని కొన్నట్టే. చదివేవాళ్ల కోరిక మీద కొనడం కొత్త పద్ధతని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. రెండు వేల తొలి సంవత్సరాల్లోనే యానాంలో మా సుభద్ర మేడమ్ ఆ పని చేశారు.

ఆవిడ నేను చదివిన కాలేజీలో లైబ్రేరియన్. లెక్చరర్లు కోరి తెప్పించిన పుస్తకాలు బీరువాల్లో ఎవరూ తెరవకుండానే పాతబడిపోతుంటే ఆవిడకు ఒళ్లు మండేది. ప్రిన్సిపాల్ గారిని బతిమాలి, ఒక్క ఏడాది విద్యార్థులు అడిగినవి కొనడానికి ఒప్పించారు. అవీ బీరువాలోనే పడుంటే ఆ ముచ్చట అక్కడితో ఆఖరన్నది ఆయన షరతు. ఆవిడ షరతు వేరు. అడిగినవాళ్లే పార్సిల్ విప్పాలి, చదివాక అందులో ఏముందో ఆవిడకు చెప్పాలి.

నాది బీకాం. మెట్టకూరు దగ్గర మా నాన్న లీజుకు తీసుకున్న చెరువులో ఆ ఏడు రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకొస్తున్నాయి. జంకుతూనే రొయ్యల జబ్బుల పుస్తకం అడిగాను.

“కామర్సు పిల్లవి, నీకు రొయ్యలతో ఏం పనే?” అన్నారు మేడమ్. ఆ గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది.

“మా చెరువుకి తెల్లమచ్చ జబ్బు తగిలిందండి.”

“అలాగా! ఎలా వస్తాదే అది? నీళ్లలోంచా, చెరువులో వదిలే రొయ్య పిల్లలోంచా?”

“తెలీదండి.”

“నాకూ తెలీదు. తెప్పిద్దాం.”

పార్సిల్ తాడు నేనే కోశాను. ఆదివారాలు గట్టు మీద కూర్చుని ఆ ఇంగ్లీషుకు అర్థం చెబుతుంటే నాన్నతో పాటు పక్క చెరువులవాళ్లూ వినేవారు. అప్పటికే మా పంట పోయింది. కానీ ఫరంపేట నుంచీ అగ్రహారం నుంచీ వచ్చే మా కాలేజీ పిల్లలు వంతులేసుకుని తమ చెరువుల కోసం ఆ పుస్తకం ఇళ్లకు పట్టుకుపోయారు.

ఏడాది చివర ప్రిన్సిపాల్ గారు వచ్చి చూస్తే బీరువాలో ఆ రొయ్యల పుస్తకం లేదు. “పోగొట్టేశారన్నమాట,” అన్నారు. మేడమ్ నావైపు చూశారు. నేను పరుగున వెళ్లి క్లాసులో ఉన్న ఫరంపేట అమ్మాయి దగ్గర్నుంచి తెచ్చాను. చెమ్మకు ఉబ్బి, అట్ట వంకరపోయి, పేజీల మీద బురద వేలిముద్రలతో, రొయ్యల మేత కంపు కొడుతోంది.

“కొత్త పుస్తకాన్ని ఇలా చేశారేంటండీ?”

“చదివారండి,” అన్నారు మేడమ్.

ఆయన రెండు వేళ్లతో పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. నిలబడే కాసేపు చదివి, “ఇంతకీ ఈ జబ్బు నీళ్లలోంచి వస్తాదా, పిల్లలోంచా?” అన్నారు.

“అడిగిన పిల్ల చెప్తాదండి,” అని మేడమ్ నన్ను ముందుకు తోశారు.

“రెండిట్లోంచీ వస్తాదండి,” అన్నాను. ఆ మరుసటి ఏడాదీ మేము అడిగినవి కొన్నారు.

ఇప్పుడు ఎవరైనా పుస్తకం కావాలంటే, కుర్చీ చూపించి, “దాంతో ఏం పని పడిందమ్మా?” అంటాను. కొందరు బెదిరిపోతారు. మేడమ్ అడిగితే ఎవరూ బెదిరేవారు కాదు. ఆ గొంతు నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.