తూటాల ప్రెస్సుకు జాగా

సైన్యం నుంచి రిటైరై కట్టంగూర్‌లోని ఇంటికి వచ్చిన కొన్నేళ్లకు నాకు ఫోన్‌లో వీడియోలు చూసే జబ్బు పట్టింది. విదేశాల్లో కొందరు కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలను ఇంట్లోనే, బల్లకు బిగించిన ప్రెస్సుతో మళ్లీ నింపుకుంటారు. నా దగ్గర లైసెన్సు రివాల్వరు ఉంది. హైదరాబాద్ పోయి రేంజిలో కాల్చిరావడం నాకున్న ఒకే సరదా. లైసెన్సు మీద ఏటా ఇచ్చే తూటాలు దానికి చాలేవి కావు.

ఏ ప్రెస్సు కొనాలా అని నెలరోజులు ఆలోచించాను. ఒక రకంలో పిడి లాగిన ప్రతిసారీ ఒక్క పనే జరుగుతుంది. నిదానం, కానీ ప్రతిదీ కంటితో చూసుకోవచ్చు. ఇంకో రకంలో పళ్లెం తిరుగుతుంటుంది, పిడి లాగినప్పుడల్లా ఒక తూటా తయారు. నా తొందరకు రెండోదే నచ్చింది. దానికి కదలని బల్ల కావాలి. నా కన్ను ముందరి గది మీద పడింది. అక్కడ నా భార్య గుంట మగ్గం ఉంది. గుంట పూడ్చి, కాంక్రీటు పోసి, బోల్టులు దింపేందుకు మేస్త్రితో మాట్లాడి వచ్చాను. ఆమెను అడగలేదు, చెప్పాను.

"మగ్గం కొట్టంల ఏసుకో. పడుగు కోసి ఆడ కట్టుకోరాదు?"

ఆమె పడుగులో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపింది. "నడుమ పడుగు ఎవలన్న కోస్తరా? ఇంక రెండు చీరలున్నయి. అయిపోనియ్యి. ఎన్కశీరి నీ ఇష్టం."

మా ఇళ్లలో పడుగు అయిపోవచ్చినా పాత పోగుల కొసలు మగ్గం మీదే ఉంచుతారు. వాటికి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. అట్లా ఆ మగ్గం మా అమ్మ కాలం నుంచి ఒక్కరోజూ బోసిపోలేదు. అది తెలిసీ నేను రోజూ పొద్దున్నే, "ఇంకెన్ని మూరలు?" అని అడిగేవాణ్ని. ఆమె కొలిచి చెప్పేది.

ప్రెస్సు తెప్పించేముందు హైదరాబాద్‌లో తుపాకుల దుకాణానికి పోయాను. ముసలి సాబ్ నా మాటలు విని కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"ఇంట్ల బారూదు, తుపాకిమందు పెడతవా ఫౌజీ? పర్మిషన్ ఉన్నదా?"

"రివాల్వర్ లైసెన్సు ఉన్నది గద సాబ్."

"అది కాల్చెతందుకు. తయారు చేసెతందుకు గాదు. మంచిగ పింఛన్ తింటున్నవు, జైలు కూడు ఎందుకు? చాయ్ తాగి ఇంటికి పో."

నెలరోజులు అంత వెతికిన నేను మొదట అడగాల్సిందే అడగలేదు. అంతకన్నా పెద్ద తప్పు తర్వాత చేశాను. ఇంటికి వచ్చి రెండు రోజులు నోరు విప్పలేదు. భంగపడ్డానని చెప్పుకోలేకపోయాను. ఆ రెండు రోజులూ ఆమె ఆఖరి చీర నేసింది.

మూడోనాడు చీర పూర్తయింది. కొత్త పడుగు తెచ్చుకోలేదు. కొసలు కూడా తీసెయ్యడానికి కత్తెర పట్టుకుని, "మేస్త్రి ఎప్పుడొస్తడు?" అంది.

"రాడు. కొసలు ఉంచు."

అన్నీ చెప్పాను, దాచిన రెండు రోజులతో సహా.

"రెండొద్దుల సంది నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? గీ చీర ఎట్ల నేసిన్నో నీకెర్కేనా?"

"ఎర్కే. తప్పయింది."

 ఆమె కొసలు మగ్గం మీదే వదిలి చీరను కోసింది.

వారానికి కొత్త పడుగు వచ్చింది. నేనూ ఎదురుగా కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుని పోగులు అతకబోయాను. ఒక్కటీ నిలవలేదు.

"తూటాలు నింపెటోనివి, పోగు పట్టరాదా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

సాయంత్రానికి నావి నలభై నిలిచాయి. అందులో ఏడు ఆమె విప్పి మళ్లీ వేసింది. ఇప్పుడు ప్రతి పడుగుకూ ఒక అంచు నాది. కట్టుకున్నప్పుడు నడుము దగ్గర లోపలికి చెక్కుకునే అంచు. అక్కడైతే నా తప్పులు ఎవరికీ కనపడవట.