నూనెలో మొహం

మా మనవరాలు గుడియాత్తంలో పుట్టింది. మరునాటికే పచ్చగా కక్కడం మొదలుపెట్టింది. పేగు మెలిక పడినట్టుంది, ఆలస్యం చేస్తే దక్కదు, వేలూరు తీసుకుపొమ్మంది డాక్టరమ్మ. కోడలికి కడుపు కోసి బిడ్డను తీశారు, లేచి కూర్చునే స్థితిలో లేదు. ఆమెకు తోడుగా వాళ్లమ్మ ఉండిపోయింది. బిడ్డను ఒళ్లో పెట్టుకొని నేను ఆంబులెన్సు ఎక్కాను. నా కొడుకు ముందర డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వేలూరు చేరేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

దానికి కారణం ఉంది. బిడ్డ పుట్టింది జ్యేష్ఠా నక్షత్రంలో. మా ఇళ్లలో అలాంటి బిడ్డను తండ్రి నేరుగా చూడకూడదు. శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, ముందు ఆ నూనెలో బిడ్డ మొహం చూడాలి. తర్వాతే బిడ్డను చూడాలి. అదే నక్షత్రం మళ్లీ వచ్చే రోజుకు శాంతి పెట్టుకోమన్నాడు అయ్యవారు. ఆసుపత్రికి ఇవేమీ తెలియవు. పేగుకు అసలే తెలియదు.

వేలూరులో బిడ్డను అద్దాల తలుపుల లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, ఈ పూటే కడుపు తెరవాలి, బిడ్డ మరీ చిన్నది, మాట ఇవ్వలేం అన్నాడు. మా వాడు సంతకం పెట్టాడు. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు ఒకసారి బిడ్డను చూడమన్నాడు డాక్టరు.

"మా అమ్మ చూస్తాది" అన్నాడు వీడు.

"పాట్టి పాక్కట్టుం. అప్పావుం పాక్కణుం" అన్నాడు డాక్టరు. అవ్వ చూడనీ, తండ్రి కూడా చూడాలని.

బెంచీ మీద నా పక్కన మేల్పాడి ఊరి ఆమె ఒకతె ఉంది. వాళ్ల మనవడూ లోపలే ఉన్నాడు. మా నక్షత్రం గొడవంతా నా నోట విని నవ్వింది.

"ఫోన్లో పటం తీసి చూపీ అక్కా. నేరుగా చూసినట్టు కాదు గదా. మీ నచ్చత్రానికి కూడా తెలీదు."

"ఫోను లోపలికి ఇడ్సరు."

"అయితే నూనే తెప్పీ. కాంటీన్లో వడలేసే నూనె ఉండాది, ఒక గంటెడు అడుగు."

ఆమె ఎగతాళికే అంది గానీ, నూనె నా దగ్గరే ఉంది. ఊరికి పోయినప్పుడు తలకు కొత్తగా కొనడం దండగని, ఖాళీ మందు సీసాలో కొబ్బరినూనె పోసుకొని తెచ్చుకుంటాను. సంకటి తెచ్చిన టిఫిను డబ్బా మూత కడిగి, కొంగుతో తుడిచి, అడుగు తడిసేంత పోశాను.

"ఎవురికి మా అది?" అన్నాడు కొడుకు.

"నీకే. శాంతి నిదానంగా చేసుకుందాం. ఇప్పుడు దీంట్లో చూడు. లే."

"అయ్యోరు చెప్పింది ఈ పొద్దు కాదు గదా మా."

"పాప కడుపు ఈ పొద్దే కోస్తారని అయ్యోరికి తెలుసునా?"

వాడు లేవలేదు. గోళ్లలో సిమెంటు గీక్కుంటూ కూర్చున్నాడు. మేస్త్రి పని వాడిది. నాలుగో అంతస్తు ఎత్తున కట్టిన సారం కర్రల మీద చేతులు వదిలి నడిచే మనిషి.

"చూసినాక పోతేనో మా?" అన్నాడు. "చూడకుంటే, యాదో ఒక బిడ్డలే అనుకోవచ్చు."

నక్షత్రం సంగతి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

"అనుకో. అనుకుంటే నీ బిడ్డ కాకుండా పోతాదా? లే అప్పా, నూనె ఒలికిపోతా ఉండాది."

అంతలో తలుపు తెరుచుకుంది. ఒక నర్సు చక్రాల తొట్టె తోసుకొచ్చింది. "కొళందై అప్పా యారు?" అని అడిగింది. తండ్రి ఎవరని. నేను వీడిని లేపి, వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాను. మూత బిడ్డ మొహం దగ్గరగా పట్టుకున్నాను.

"ఎన్నమ్మా అది? ఎణ్ణెయా?" అంది నర్సు, ఏంటది, నూనెనా అని.

"నూనే తల్లీ. బిడ్డకు తగలనీను. ఒక్క నిమిషం."

ఆమె తొట్టె ఆపింది. ఎందుకు ఆపిందో నేను అడగలేదు.

మూతలో ట్యూబులైటు కనిపించింది. వంచితే నా బొటనవేలు కనిపించింది. బిడ్డ మొహం మాత్రం పడలేదు. వీడు వంగి చూస్తూనే ఉన్నాడు.

"ఏం కనబడలేదు మా."

ఇంకో పక్కకు వంచాను. మళ్లీ లైటే. "నేరమాచ్చు" అంటూ నర్సు తొట్టె మీద చెయ్యి వేసింది, టైమైందని. అప్పుడు వాడు తల ఎత్తి బిడ్డను నేరుగా చూశాడు. ముక్కులో గొట్టం, దాని మీద ప్లాస్టరు. పగుళ్లిచ్చిన వేలితో అరికాలు తాకాడు.

"చెవులు నాయనవి మా" అన్నాడు.

నా మొగుడి చెవులే. ఆంబులెన్సులోనే చూశాను, నేను చెప్పలేదు.

తొట్టె లోపలికి పోయింది. మూతలో నూనె మళ్లీ సీసాలో వంచుకున్నాను. వాడు గోడకు ఆనుకొని నిలబడ్డాడు, మళ్లీ కూర్చోలేదు. సాయంత్రానికి డాక్టరు వచ్చి, మెలిక విప్పాం, చెడిన ముక్క కోసేశాం, ఇక బిడ్డ ఓపికను బట్టి అన్నాడు.

బిడ్డకు ఓపిక ఉంది. ఆ తర్వాత వాడిని లోపలికి పొమ్మని ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు. మోచేతుల దాకా కడుక్కొని వేళకంటే ముందే తలుపు దగ్గర నిలబడేవాడు. ఒంటికి పోసిందా, ఎంత పోసింది, గుడ్డ తడిసిందా అని నర్సులను వేధించేవాడు.

ఆసుపత్రి నుంచి పంపించాక బిడ్డను గుడియాత్తం తీసుకొచ్చి కోడలి చేతికి ఇచ్చాను. బిడ్డ కడుపు మీద కోత చూసి ఏడ్చింది. ఏడవడం అయ్యాక, గొంతు తగ్గించి అడిగింది.

"ఆయప్ప నూనెలోనే చూసినాడా అత్తా?"

"మూత నేనే పట్టుకోని ఉంటి" అన్నాను.