పెట్టె బాబాయ్

టాక్సీ స్టాండులో ఆయన అందరికీ పెట్టె బాబాయే. వాహన తనిఖీ రోజున ఆయన ప్రథమ చికిత్స పెట్టె పదకొండు కార్లు తిరిగొచ్చేది. మూత మీది ఎర్ర గుర్తు చూసి అధికారి తలూపేవాడు. తెరవమన్న పాపాన ఎప్పుడూ పోలేదు. తిరిగొచ్చిన పెట్టెను బాబాయ్ మెత్తటి గుడ్డతో పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచి, సీటు కింద దాచుకునేవాడు. మొన్న టైరు మారుస్తుంటే జాకీ జారి, పక్క కారు డ్రైవరు ముంజేయి చీరుకుపోయింది. రక్తం ధారకడుతున్నా అతను నవ్వబోయాడు.

"మన బాబాయ్ పెట్టె ఉందిగా, నాకేం భయం."

పెట్టె కొన్న తొమ్మిదేళ్లలో మొదటిసారి బాబాయ్ మూత తీశాడు. లోపల దూది లేదు, కట్టు లేదు. పన్నెండు వస్తువుల పేర్లు అచ్చేసిన కాగితం ఒక్కటే ఉంది. దాని అడుగున "ఇవి విడిగా కొనుక్కోవాలి" అని రాసి ఉంది. బాబాయ్ చివరికి ఆ చేతికి పెట్టె తుడిచే గుడ్డే చుట్టాడు.